మైకు ఆటో సూర్యచంద్రం

అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక సూర్యచంద్రం మైకు ఆటోకి తీరుబడి లేదు. చీరల తగ్గింపులూ, కుళాయి వేళలూ, చావుకబుర్లూ ఆ బొంగురు గొంతులోంచే ఊరికి చేరతాయి. తువ్వాలుతో మూతి తుడుచుకుని "ఆయ్, మనవండీ!" అంటేగానీ మొదలెట్టడు. గోదారి ఎర్రబడి పొంగితే, తండ్రిలాగే గట్టు దిగి నీటి అంచున పుల్ల గుచ్చి, అది చెప్పిందే నమ్ముతాడు. ఇవాళ పొద్దున్న గుచ్చిన పుల్ల మధ్యాహ్నానికి కనబడలేదు.

గడియారస్తంభం దగ్గర ఆటో ఆపి, కలెక్టరాఫీసు వాళ్లు తనకిచ్చిన కాగితం చదివేడు: "ఊరికి ప్రమాదమేం లేదండీ. ఎవరూ కంగారు పడొద్దండీ." ఆనక ఫోనందుకుని, "వేణీ, బియ్యం అటకెక్కించి, పిల్లల్ని తీసుకుని మీ అన్నయ్యగారి మేడకెళ్లిపో. పుల్ల మునిగిపోయింది" అన్నాడు పెళ్లాంతో, మెల్లగా. మైకు ఆపడం మరిచిపోయేడు. ముందు బంగారం కొట్టు షట్టరు దిగింది. ఆ వెనకే వరసగా సెంటరంతా.