నల్లదారం కట్టిన మొక్క

పూలసీసాలో నీళ్లు మురిగితే ఒక వాసన వస్తుంది. నిన్న పొద్దున ఆ వాసన ముక్కుకు తగిలింది. ఏదో రిసెప్షన్ నుంచి మా కోడలు తెచ్చిన పూలకట్ట అది. అందులో నల్లటి ఎరుపు పూలు నాలుగున్నాయి, రేకుల మీద తెల్లటి గుండుసూదులు గుచ్చినట్టుంటాయి. "ఎండిపోయినయ్ అత్తమ్మా, పారెయ్యనా?" అంది. "ముట్టుకోకు!" అని ఎంత గట్టిగా అరిచానంటే, పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

వాటిని స్కేబియోసా అంటారని ఈమధ్యే తెలిసింది. డెబ్బయ్యో దశకం చివర్లో నేను పరకాల నుంచి హన్మకొండకు కోడలిగా వచ్చేనాటికి, పక్కింటి రజియా చిన్నమ్మ పెరట్లో అవి సూదుల పూలు. ఆమె భర్త డోర్నకల్‌లో రైల్వే బంగళా తోటమాలి. ఆ బంగళా తోటలోంచి పిడికెడు గింజలు అడిగి తెచ్చి ఆమెకిచ్చాడట. ఆయన అక్కడే పోయాడు, అక్కడే పూడ్చారు; ఆ తోటా ఆయనతోనే పోయింది. ఏటా మొదటి కోత పూలను తడిగుడ్డలో చుట్టుకుని, ప్యాసింజరు రైలెక్కి, చిన్నమ్మ ఆయన సమాధి దగ్గరికి పోయేది. మిగతావి చర్చివాళ్లు కొనుక్కునేవారు.

కిరాణా దుకాణం మా అత్తగారిది. ఆ ఇంట్లో బియ్యంలో రాళ్లేరడానికి తప్ప ఇంకో పనికి నన్ను నమ్మేవారు కాదు. చిన్నమ్మ మాత్రం తన గింజలు నా చేతిలో పోసింది. వానలు వెనకబట్టాక ఓటికుండలో ఇసుక కలిపిన మన్ను పోసి చల్లేవాళ్లం. "నీళ్లు గంత జోరుగ పొయ్యకు బిడ్డా, గింజలు కొట్టుకపోతయ్" అనేది. పువ్వు సగం విచ్చగానే, ఎండెక్కకముందే, కాడ పొడుగ్గా కోసి బకెట్ నీళ్లలో మెడదాకా ముంచాలి. ఇంకో మాట రోజూ చెప్పేది. "వాడిన పువ్వును చెట్టుమీద ఉంచకు. ఉంచితే ఇగ నా పని అయిపాయె అనుకుంటది. తెంపితెనే మల్ల మొగ్గేస్తది." ఆ మాట నాకు వేదవాక్కు. విత్తనం తీయడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. ఏటా ఆ రోజులకు పుట్టింట్లో ఉండేదాన్ని.

నాలుగో ఏడు పుట్టింటికి పోవడం కుదరలేదు. అప్పుడే చిన్నమ్మ కామెర్లతో దవాఖానలో పడింది. "చెట్లు నీ మీదనే ఇడిసిపెట్టిన, పైలం" అంది. రోజూ వాడినవన్నీ వెతికి వెతికి తెంపాను. గోడవార ఒక మొక్కకు నల్లదారం కట్టి ఉంది. అన్నిటికన్నా నల్లగా పూసేది అదే. దిష్టి తగలకుండా కట్టిందనుకున్నాను. మా ఇళ్లల్లో పసిపిల్లకూ, పాలిచ్చే బర్రెకూ నల్లదారమే కదా! దాని తలలన్నీ ఎండి కాగితపు ఉండల్లా గరగరలాడుతున్నాయి. అయ్యో, దీన్నెవరూ పట్టించుకోలేదే అనుకుని, ఒక్కటీ మిగల్చకుండా తెంపి నీళ్లపొయ్యిలో వేశాను. అంత తెలివి నాది.

పదిహేను రోజులకు చిన్నమ్మ వచ్చింది. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఇంట్లోకైనా పోకుండా నేరుగా గోడ దగ్గరికి నడిచింది.

"దీని తలకాయలేవి?"

"తెంపిన చిన్నమ్మా. ఎండిపోయినయ్ గదా."

"ఏడ పెట్టినవ్?"

నేను పొయ్యి వైపు చూశాను. ఆమె అక్కడే కూలబడింది. "ఇత్తనానికి ఇడిసిన బిడ్డా. ఆ దారం గుర్తుకు కట్టిన" అంది. పాత గింజ మొలవదని ఉన్నవన్నీ ఏటా చల్లేసేది, ఇంట్లో ఒక్కటీ లేదు. అదీ, మిగిలిన మొక్కలూ అప్పటికే ఎండకు మాడిపోయాయి. నేను ఏడుస్తుంటే ఆమే నా తలమీద చెయ్యి వేసింది. "నువ్వు నేను చెప్పినట్టే చేసినవ్. నేనే సగం చెప్పిన." నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ తప్పును ఇన్నేళ్లు మోసేదాన్ని కాదు.

మరుసటి ఏడు డోర్నకల్‌కు నేనూ వెంట వెళ్లాను. స్టేషన్ బయట బంతిపూలు కొనబోతే, "వద్దు, ఆయనకు బజారు పూలెందుకు" అంది. సమాధి దగ్గర సంచి విప్పితే అందులో తడిగుడ్డ ఉంది. పూలు లేవని తెలిసీ, పొద్దున అలవాటుగా తడిపి మడిచి తెచ్చింది. ఆ గుడ్డను సమాధి మీద పిండి, మళ్లీ మడతపెట్టి, "పా బిడ్డా, బండికి టైమైతాంది" అంది.

ఎండిన పువ్వు మీదికి నా చెయ్యి ఇప్పటికీ పోదు. ఎవరికైనా పని చెబితే రెండుసార్లు చెబుతాను, ముసల్దానికి చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. నిన్న కోడలిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. విని, "మరి ఇవి గింజ పడ్తయా అత్తమ్మా?" అనడిగింది.

"కోసిన పూలు బిడ్డా. పట్టయ్."

ఆ పిల్ల సీసా తీసుకెళ్లి నీళ్లు మార్చి తెచ్చింది.