ఎడమ చక్రానికి పెట్టిన బొట్టు

ఈ పొద్దున షెడ్డులో మెకానిక్ గ్రీజు డబ్బా మూత తీయగానే ఆ జిడ్డు వాసనకు నేను గుమ్మం దాకా వెనక్కి జరిగాను. తాత కొన్న కారు అది. బాపు పోయాక అమ్మేద్దామని బయటికి తీయిస్తున్నాను.

నా చిన్నప్పుడు ఏటా దసరా నాటి పొద్దున, బండి పూజకు ముందు, బాపు, చిన్నాయన పాత లుంగీలు కట్టుకుని ఆ కారు కింద దూరితే బయటికి రెండు జతల కాళ్లే కనబడేవి. వాకిట్లో వాడిన బతుకమ్మ తంగేడు రేకులు, వంటింట్లోంచి గారెల నూనె వాసన, వాటి మధ్య ఈ గ్రీజు. కుడి చక్రం బాపుది, ఎడమది చిన్నాయనది. చక్రం తిరిగే కీళ్ల దగ్గర, స్టీరింగ్ కడ్డీల చివర గ్రీజు లోపలికెక్కే చిన్న నిప్పిళ్లకు పంపులాంటి గ్రీజు గన్ను తగిలించి, నల్లబడ్డ పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టేవాళ్లు. గ్రీజు నిండిన ప్రతిచోటా కుంకుమ బొట్టు పెట్టడం నా పని. బొట్టుందంటే పని అయిపోయినట్టే, మళ్లీ ఎవరూ చూడరు.

నా పదో ఏట ఎడమ కీలుకు గ్రీజు ఎక్కలేదు. వానాకాలపు బురదకు నిప్పిల్ పూడుకుపోయింది. చిన్నాయన కొత్తది తేవడానికి బజారుకు పోయాడు. పూజకు ఆలస్యమవుతోందని నానమ్మ కేకలు. వచ్చాక ఎలాగూ ఎక్కిస్తాడు కదా అని అక్కడా ఓ బొట్టు పెట్టేసి గారెల కోసం పరిగెత్తాను. దుకాణాలన్నీ మూసి ఉండటంతో ఉత్త చేతులతో తిరిగొచ్చిన చిన్నాయన, బొట్టు చూసి అన్నే ఎలాగో ఎక్కించాడనుకున్నాడు.

సాయంత్రం చుట్టాలకు జమ్మి ఆకు ఇవ్వడానికి బాపు ఒక్కడే పరకాల బయలుదేరాడు. మలుపులో ఎడమ కీలు పట్టేసి, స్టీరింగ్ బిగుసుకుపోయి కారు కల్వర్టు కింద బురదలో పడింది. దవాఖానలో బాపు ఎడమ కాలు తీసేశారు.

"ఎడమ దిక్కు నీదే గదరా!" అన్నాడు బాపు.

"బొట్టుండె అన్నా, నువ్వే ఎక్కిచ్చినవనుకున్న" అని చిన్నాయన ఏడుస్తూ నావైపు తిరిగాడు. "జర చెప్పు బిడ్డా, ఆడ బొట్టు పెట్టినవా లేదా?"

"పెట్టలే" అన్నాను.

చిన్నాయన నన్ను కాసేపు చూసి, తల దించుకున్నాడు. ఆ నెలలోనే వర్ధన్నపేటకు మకాం మార్చాడు. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోలేదు. షెడ్డులోకి లాక్కొచ్చి పెట్టిన కారును మళ్లీ ఎవరూ ముట్టలేదు. చిన్నాయన చనిపోతే బాపు చూడ్డానికి కూడా పోలేదు. నేను పోయాను, కాళ్లు పట్టుకుని ఏడ్చాను గానీ, అప్పుడు కూడా నిజం నోట్లోంచి రాలేదు. పదేళ్లప్పుడంటే భయం. ఆ తర్వాతదంతా నా పిరికితనమే.

ఇప్పుడు కారు కింద ఒక్క జత కాళ్లే ఉన్నాయి. అక్కడి నుంచే మెకానిక్ అడిగాడు. "ఎడమ దిక్కు మొత్తం ఎండిపోయింది అక్కా, ఎన్నడన్న గ్రీజు పెట్టిన్రా?"

"లేదు. పెట్టకముందే నేను బొట్టు పెట్టిన" అన్నాను.

అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యే ఇద్దరూ ఇప్పుడు లేరు.