ఆ గోలు నవారు కిందనుంచా... పైనుంచా...

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరు స్కూలు గ్రౌండులో గోలుకు వల ఉండేది కాదు. రెండు వెదురు గడలు పాతి, పైన అడ్డంగా మంచానికి అల్లే నవారు కట్టేవాళ్ళు. అంతే, గోలు తయారు. మగ్గాల ఊరు కదా, నవారుకేం కరువు!

ఆషాఢం గాలి లేచిందంటే ఆ నవారు పైకీ కిందకీ ఊగులాడేది. బంతి దాని కిందనుంచి పోతే గోలు, పైనుంచి పోతే కాదు. ప్రతి ఆటలోనూ దానిమీద ఒక పంచాయతీ... తీర్పు చెప్పేది మా నాన్న. స్కూల్లో డ్రిల్ మాస్టరు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడంటే కన్నతల్లి మాట కూడా వినడని ఊళ్ళో పేరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నిన్న మన ఊరి గ్రూపులో ఎవరో "ఫుట్‌బాల్‌లో రెఫరీలు చేసిన ఘోరాలు చెప్పండి" అని పెట్టారు. ప్రపంచ కప్పులవి, పెద్ద పెద్ద క్లబ్బులవి బోలెడు వచ్చాయి. మధ్యలో ఒకాయన రాశాడు, "అవన్నీ ఏంటికప్పా, మన ఆదోని అల్లుడు ఇయ్యని గోలు యాది లేదా?" అని. కింద వరసగా నవ్వు బొమ్మలు.

ఆ ఆదోని అల్లుడు మా నాన్నే. పోయి రెండేళ్ళయింది. ఒళ్ళు మండిపోయింది నాకు... తర్వాత కూర్చుని ఏడ్చాను.

ఆ రోజు మా గ్రౌండులోనే ఆదోనికీ ఎమ్మిగనూరుకూ ఫైనలు, విజిల్ నాన్నదే. బెంగళూరులోని ఒక కంపెనీ టీము తరఫున ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బాగా ఆడిన ఒక్కరిని తీసుకుపోయి జీతమిచ్చి ఆడిస్తారట. మా టీములో కోసిగి వీరేశన్న ఉండేవాడు. హాస్టల్లో ఉండి చదువుకుంటూ, నాన్న దగ్గరే బంతి తన్నడం నేర్చుకున్నాడు. వాళ్ళ అమ్మానాన్నలు ఏటా సుగ్గికి పోయేవాళ్ళు... అంటే ఇంటికి తాళం వేసుకుని, గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు. "నాకు ఉజ్జోగం వస్తే మాయమ్మను ఇంగ సుగ్గికి పంపను సార్" అని మా ఇంట్లో అన్నం తింటూ ఎన్నిసార్లు అన్నాడో.

నేను నాలుగో తరగతి. గోలు పక్కనే మొండిగోడ ఉంటే ఎక్కి కూర్చున్నాను. ఎక్కొద్దని నాన్న ముందే చెప్పాడు. చెప్పిన మాట వింటే నేనెందుకవుతాను!

ఆట అయిపోవస్తోంది. ఎవరికీ గోలు లేదు. వీరేశన్న బంతి తీసుకుని దూసుకొస్తున్నాడు. నేను ఎగిరి గంతేయబోయి... జారి కింద పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. "నాన్నా!" అని కేక పెట్టాను.

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. ఒక్క క్షణం. ఆ క్షణంలోనే వీరేశన్న తన్నాడు.

నాన్న మళ్ళీ అటు తిరిగేసరికి బంతి గోలు దాటి అవతల దొర్లుతోంది. నవారు గాలికి ఊగుతోంది. "కిందనుంచి పోయింది సార్!" అని మావాళ్ళు... "పైనుంచి, పైనుంచి!" అని ఆదోనివాళ్ళు. చూడని గోలు ఎలా ఇస్తాడు? చెయ్యి అడ్డంగా ఊపేశాడు.

తర్వాత ఆదోనివాళ్ళు ఒకటి కొట్టి గెలిచారు. బెంగళూరాయన వాళ్ళ పిల్లాడినొకడిని తీసుకుపోయాడు.

మా అమ్మది ఆదోని. ఇంకేముంది... "అత్తగారింటికి కానుక ఇచ్చుకున్నాడు" అన్నారు. ఆ పూటనుంచే ఆదోని అల్లుడయ్యాడు. నాన్న అంగడికి పోయినా అదే మాట, బస్సెక్కినా అదే మాట.

ఆ సాయంత్రం వీరేశన్న ఇంటికొచ్చాడు. అమ్మ నా మోకాలికి పసుపు పెడుతోంది. వీరేశన్న గడప దగ్గరే నిలబడ్డాడు.

"సార్... నిజం సెప్పండి. మీరు సూసినారా?"

నాన్న నావైపు చూశాడు.

"సూసినాను లేరా. పైనుంచే పోయింది."

"మీరు సూసింటే సరే సార్. నా కాలే తప్పింటుంది" అని నాన్న కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఏడు కోతలకాలం రాగానే అమ్మానాన్నలతో తనూ సుగ్గికి పోయాడు. మళ్ళీ స్కూలుకు రాలేదు.

నాన్న ఆ విజిల్‌ను మళ్ళీ నోట పెట్టలేదు. బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టాడు. "నా బిడ్డ పడింది, అటు చూశాను" అని ఒక్క మాట అని ఉంటే ఆయన పేరు నిలిచేది. కానీ ఊరు ఊరంతా ఆ నెపం నామీద వేసేది. తొమ్మిదేళ్ళ పిల్లను కాపాడటానికి నాన్న అబద్ధమాడాడు. నాకు తెలిసి జీవితంలో అదొక్కటే.

ఇప్పుడు టీవీలో ఎన్ని కెమెరాలో... ఒకే గోలును పదిసార్లు తిప్పి చూపిస్తారు. ఒకసారి అలా చూస్తూ నాన్న, "వీళ్ళకేం, ఎన్నిసార్లయినా సూసుకోవచ్చు. మాకు ఉండింది ఒకేసారి... అది కూడా..." అని ఆగిపోయి, లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజైనా చెప్పాల్సింది.

ఆ గ్రౌండులో ఇప్పుడు ఇనప గోలు, నైలాను వల ఉన్నాయి. కిందా పైనా అని ఎవరూ కొట్టుకోరు.

మీలో ఎవరైనా ఆనాటి ఆట చూసినవాళ్ళుంటే రాయండి. నాన్నను తిట్టాలనుకుంటే ఆ తిట్లు నన్ను తిట్టండి. కోసిగి వీరేశన్న యాడున్నాడో తెలిసినవాళ్ళు మాత్రం ఈ పోస్టు ఆయనకు చూపించండి, మీకు పుణ్యముంటుంది.

వీరేశన్నా... నీ కాలు తప్పలేదు. నేను కింద పడి ఉన్నాను కదా, గోలు పక్కనే... నా కళ్ళతో చూశాను. బంతి నవారు కిందనుంచే పోయింది. నాన్న నన్ను ఎప్పుడూ అడగలేదు... నేను ఎప్పుడూ చెప్పలేదు.