గాలి పైకి కొట్టిన ఫ్యాన్లు

మా అక్క సాయంకాలం కాలేజీలో మోటారు వైండింగ్ నేర్పుతుంది. రిపేరు షాపు నడిపేది నేనే అయినా, మోటారుకు రాగితీగ చుట్టడంలో ఆమె చెయ్యి నాకు రాలేదు.

ఆమె క్లాసులో షిఫ్టుల వాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. రోజూ రాలేక సగంలో మానేసేవారు. బెంచీలు ఖాళీ అవుతుంటే ప్రిన్సిపాల్ కోర్సు ఎత్తేద్దామన్నాడు.

అక్క ఒక ఏర్పాటు ఆలోచించింది. వారమంతా ఇంట్లో తీరిక దొరికినప్పుడు ఫోన్లో పాఠం చూడాలి, ఆదివారం వర్క్‌షాపుకొచ్చి చుట్టాలి. తీగ ఎంత బిగించాలో వేళ్లకే తెలియాలి కనుక అది ఆదివారానికి ఉంచింది. ఏ కాయిల్ ఏ గాడిలోకి, ఏ కొస ఏ కొసకు అన్నది ఫోన్‌కిచ్చింది.

"గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పుతావా అక్కా?" అన్నాను.

"గట్టు మీద సగం నేర్పితే నీళ్లలో తక్కువ మునుగుతార్రా."

వీడియో తీసింది మా బావ. ఆమె చేతులు ఆమెకే కనపడాలని ఫోన్ ఎదురుగా నిలబెట్టి, సెల్ఫీ కెమెరా పెట్టాడు.

"కాస్త నవ్వవే, పెళ్లి ఫొటోలోనూ ఇదే మొహం."

"మొహం సంగతి వదిలేసి చేతులు తియ్యండి."

ప్రిన్సిపాల్ ఒక షరతు పెట్టాడు. మొదటి ఆదివారం పని చెప్పడానికి ఆమె నోరు విప్పకూడదు. వీడియోతో పని రాలేదని తేలితే కోర్సు అంతటితో సరి.

ఆ ఆదివారం నా షాపులోని పాత ఫ్యాన్లు తీసుకెళ్లాను. క్లాసువాళ్లు పొద్దంతా చుట్టి, సాయంత్రానికి దూలానికి తగిలించారు. స్విచ్ వేస్తే మొదటి ఫ్యాను చక్కగా తిరిగింది. కింద మాత్రం గాలి లేదు, పైకప్పు బూజు ఊగుతోంది.

"బూజు దులపడానికా మేడమ్ ఇవి?" అన్నాడు ప్రిన్సిపాల్.

రెండోదీ అంతే. వరసపెట్టి అన్నీ ఎదురు దిక్కుకే తిరిగాయి. అక్క ఫోన్ తీసి వీడియో చూసింది, ఆగింది.

"ఏమండీ, నా వాచీ కుడిచేతికెలా వచ్చింది?"

బావ నెత్తి కొట్టుకున్నాడు. అద్దంలో బొమ్మలా కుడి ఎడమై పడింది వీడియో, అది చూసి చుట్టిన దిక్కూ తిరగబడింది.

అప్పుడు అక్క తలెత్తింది. "సార్, ఒకటో రెండో తిరగబడితే వాళ్లు తప్పు చేశారనండి. అన్నీ తిరగబడ్డాయంటే ఫోన్లో చూసింది వెంట్రుకవాసి తేడా లేకుండా దించారన్నమాట. తప్పు నా పాఠానిది, పనితనం వాళ్లది."

"మరి సరిచెయ్యండి."

"నేను ముట్టుకోను." పక్కనున్న చంటిబిడ్డ తల్లిని పిలిచింది. "ఏం మార్చాలమ్మా?"

ఆ పాఠం ఇంకా చెప్పనేలేదు. ఆ అమ్మాయి కాసేపు తీగలకేసి చూసింది. "స్టార్టింగ్ కాయిల్ కొసలు రెండూ అటూ ఇటూ మారిస్తే సరిపోద్దేమో మేడమ్?"

అక్క తల ఊపింది; ఫ్యాను ఎటు తిరగాలో తేల్చేది ఆ కాయిలే. ఆ అమ్మాయి కొసలు మార్చి స్విచ్ వేసింది. గాలి దభాలున కిందికి దిగేసరికి, ప్రిన్సిపాల్ బట్టతల మీద ఎంతో జాగ్రత్తగా దువ్విన నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి. ఆయనా నవ్వేశాడు.

కాయిళ్లు కాల్చుకుంటూ ఒంటరిగా పని నేర్చుకున్నవాణ్ని నేను. చూసి నేర్చిన చేతులకు అంత చూపు వస్తుందని అనుకోలేదు. ఆవిడ మా అక్క అని పక్కవాడికి చెప్పాను, అతను అడక్కపోయినా.

"ఈ ఏడాదికి నడపండి మేడమ్," అన్నాడు ప్రిన్సిపాల్ జుట్టు సర్దుకుంటూ.

"ఏడాది సంగతి తర్వాత సార్. వచ్చే ఆదివారానికి రాగితీగ కావాలి."