సింగపూర్ సర్వరు, గంట లేని పరీక్ష

సకల జనుల సమ్మె మూడో వారంలోకి వచ్చేసరికి సిద్దిపేటలో రెండే రెండు పనులు వేళకు జరుగుతున్నాయి: కరెంటు పోవడం, దీక్షా శిబిరంలో మనుషులు మారడం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపారు. బొగ్గు గనుల వారు తవ్వడం ఆపారు కనుక కరెంటు కోత పెరిగింది. మిగిలినవారు ఏది ఆపగలిగితే అది ఆపారు. అది 2011వ సంవత్సరం. నాకు నలభై ఆరేళ్ళు. పాత బస్టాండు దగ్గర ఇరవై కంప్యూటర్లతో ఒక శిక్షణ కేంద్రం నడిపేవాణ్ణి. తేదీ, వేళ, ఖర్చు ఏ రోజుకారోజు రాసిపెట్టుకునే అలవాటు ఉన్నందువల్ల ఈ సంగతులను నమ్మకంగానే చెప్పగలను.

నా కేంద్రం పై అంతస్తులో ఒక లెక్కల సారు కోచింగ్ హాలు ఉండేది. ఏడాది కిందటి వరకు ఆయన ఒక ప్రైవేటు బడిలో పంతులు. అది మానేసి, హాలు కిరాయికి తీసుకుని, పోలీసు ఉద్యోగాలకూ రెవెన్యూ ఉద్యోగాలకూ పిల్లలను తయారుచేసేవారు. ఆ పిల్లల్లో సగం మంది చిన్నకోడూరు వైపు నుంచీ, ములుగు వైపు నుంచీ బస్సుల్లో వచ్చేవారు. బస్సులు ఆగాక హాలులో బెంచీలు మిగిలాయి. సమ్మె ముగియగానే హైదరాబాదు కోచింగ్‌కు పోతామని పిల్లలు ఫోన్లలో చెబుతున్నారు. పాత బడి హెడ్మాస్టరు మాత్రం దయగల మనిషి. సారు కుర్చీని వచ్చే సోమవారం దాకా ఖాళీగా ఉంచుతానని కబురు పంపారు.

ఆ మంగళవారం సారు కిందికి వచ్చి నా ఎదుట కూర్చున్నారు.

"అన్నా, పిల్లలు ఈడికి రాలేరు. పరీక్షనే పిల్లల కాడికి పంపుదాం. చిన్నకోడూరుల భాయ్ నెట్ సెంటర్ ఉంది, ములుగుల ఒకటుంది. ఆదివారం మాడల్ టెస్టు పెడ్దాం. కంప్యూటర్ల రాస్తరు, గంటల ర్యాంకు వస్తది. గిది హైదరాబాదుల గూడ లేదని చెప్త."

"జరగకపోతే?"

"జరగకపోతే సోమారం పోయి బడిల సుద్దముక్క పట్టుకుంట. ఏముంది!"

పరీక్ష పెట్టే ప్రోగ్రాము నా దగ్గర ఉంది. నేనే రాశాను. అయితే అది నా కేంద్రంలోని ఒక కంప్యూటరులో నడిచేది. ఆ కంప్యూటరు కరెంటుతో నడిచేది. కనుక సర్వరు సిద్దిపేటలో ఉండరాదని నిర్ణయమైంది. సొంత యంత్రం కొనకుండా, ఏదో దేశంలోని కంపెనీ వారి పెద్ద యంత్రంలో ఒక వాటాను గంటల లెక్కన కిరాయికి తీసుకునే పద్ధతి అప్పటికే వచ్చింది. దాన్ని క్లౌడ్ సర్వరు అంటారు. మాకు దొరికిన వాటా సింగపూర్‌లో ఉంది. కిరాయి కట్టడానికి విదేశాల్లో చెల్లే క్రెడిట్ కార్డు కావాలి. అది మా బామ్మర్ది దగ్గర ఉంది. అతణ్ణి ఒప్పించిన వివరాలు ఈ రచనకు అవసరం లేదు.

వాటాల్లో రకాలున్నాయి. ఒకటి అన్నీ సమపాళ్ళలో ఉన్నది. ఒకటి లెక్కలు వేగంగా చేసేది, అంటే ప్రాసెసరు బలమైనది. ఒకటి మెమరీ ఎక్కువగా ఉన్నది. చివరిది అన్నింటికన్నా చిన్నది, చౌకది. దాని స్వభావం వేరు. మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. పని మీద పడ్డప్పుడు కొద్దిసేపు బలంగా పరుగెత్తుతుంది. ఆ పరుగు ఆపకపోతే కంపెనీ వారే మెడ పట్టి వెనక్కి లాగుతారు. కాస్త ఊరుకుంటే మళ్ళీ పరుగుకు అనుమతిస్తారు.

సారు పట్టికను పైనుంచి కిందికి చూసి మెమరీ ఎక్కువున్న దాని మీద వేలు పెట్టారు.

"గిది తీసుకో అన్నా."

"ఎందుకు?"

"మా పోరగాండ్ల నెత్తిల ఎట్లాగూ మెమరీ లేదు. మిషన్‌లనన్న ఉండనీ."

ఒక సర్వరును దాని పేరు చూసి ఎంచుకోకూడదని, అది చేయవలసిన పనిని చూసి ఎంచుకోవాలని వివరించాను. మన పని ఎటువంటిది? పరీక్ష మొదట్లో ప్రోగ్రాము ప్రతి విద్యార్థికీ ప్రశ్నలు ఏరి, వరుస మార్చి, వేరు వేరు పేపరు తయారుచేస్తుంది. పక్కవాడి పేపరులోకి చూస్తారని సారే పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు అది. తర్వాత రెండు గంటలు విద్యార్థి ఆలోచిస్తాడు. విద్యార్థి ఆలోచిస్తున్నప్పుడు సర్వరుకు పని ఉండదు. చివర్లో మార్కులు వేయాలి. అంటే రెండు చివర్లా పరుగు, నడుమ విశ్రాంతి. అందుకు చివరి రకమే తగినదని తేల్చాను.

"అంటే గాడ పండుకుంటది, లేస్తది, మళ్ళ పండుకుంటదా?"

"అంతే."

"మా పెద్దబావ గట్లనే ఉంటడు. ఆయనకు పిల్లనియ్యడమే తప్పైంది." సారు అంతకుమించి అభ్యంతరం చెప్పలేదు.

శనివారం నాలుగు గంటలకు మూడు చోట్లా ఒకేసారి ఉత్తుత్తి పరీక్ష పెట్టాం. ఇన్వర్టర్ల సాయంతో సిద్దిపేటలో నా ఇరవై కంప్యూటర్లు, చిన్నకోడూరులో ఎనిమిది, ములుగులో పది. పరీక్ష అన్నాక అందరికీ ఒకే క్షణాన మొదలు కావాలన్నది మా ఇద్దరికీ పట్టిన నియమం. సారు పాత బడి రోజుల ఇత్తడి గంట తెచ్చారు. రెండు ఫోన్లను రెండు ఊళ్ళకు కలిపి, స్పీకర్లు పెట్టి, బల్ల మీద ఉంచాం. సారు లేచి నిలబడి గంట కొట్టారు. మూడు ఊళ్ళలో ముప్పై ఎనిమిది మంది ఒకే క్షణంలో మీట నొక్కారు.

మొదటి పదిహేను సెకన్లు అద్భుతంగా ఉన్నాయి. ఏడెనిమిది మందికి పేపర్లు వచ్చాయి. తర్వాత ఎవరికీ ఏమీ రాలేదు. పేపరు రానివారు ఊరుకోక మళ్ళీ మళ్ళీ నొక్కారు. ప్రతి నొక్కుకూ ప్రోగ్రాము ఇంకొక కొత్త పేపరు తయారు చేయబోయింది.

చిన్నకోడూరు నెట్ సెంటర్ భాయ్ గొంతు స్పీకరులో వినిపించింది. "సార్, ఈడ గుండ్రం తిరుగుతుంది. పది నిమిషాల సంది గుండ్రమే తిరుగుతుంది. పోరలు నవ్వుతున్రు."

"నవ్వనియ్యి భాయ్," అన్నారు సారు. ఆయన నవ్వలేదు. పిల్లలు వెళ్ళాక గంటను తిరగేసి బల్ల మీద పెట్టారు.

సర్వరు లోపలి లెక్కలు తీసి చూశాను. మెమరీ సగం కూడా వాడుకలో లేదు. ప్రాసెసరు మాత్రం నిండిపోయి, కంపెనీ వారు లాగి పట్టుకున్న చోటే ఉంది. సారు కోరిన ఎక్కువ మెమరీ రకం తెచ్చి ఉంటే, ఖర్చు పెరిగి ఇదే గుండ్రం తిరిగేదని ఆయనకు చూపించాను. ఈ వివరం ఆయనను ఓదార్చలేదు.

"మరి ప్రాసెసర్ బలమున్నది తీసుకో, అన్నా. నా గడియారం అమ్మి ఇస్త."

అది సరైన మాటే. వెంటనే అడిగాను. కొత్త ఖాతాదారులకు పెద్ద రకాలు ఇవ్వడానికి ముందుగా పరిశీలన ఉంటుందని, మా విన్నపాన్ని పనిదినాల్లో చూస్తామని కంపెనీ నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. శని, ఆదివారాలు వారికి సెలవు. మాకు మూడు వారాలుగా అన్నీ సెలవులే అయినా ఆ సెలవులూ ఈ సెలవులూ ఒకదాన్నొకటి కొట్టివేయవు.

"అయితే ఇగ అయిపోయింది. సోమారం పోయి చేరుత," అన్నారు సారు. కోపం లేదు. తీసివేత లెక్కలో శేషం చెప్పినట్టు చెప్పారు.

ఆరు గంటలకు ఆయన శిబిరానికి వెళ్ళాలి. రిలే దీక్షల్లో ఏ రోజు ఎవరు కూర్చోవాలో వంతులు వేసేది ఆయనే. నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజు కూర్చున్న ఆటోవాళ్ళకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తున్నారు. వారి నాయకుడు గ్లాసు పట్టుకునే సారుతో తగువు పెట్టుకున్నాడు.

"మా యూనియన్‌ల అరవై మందిమి ఉన్నం సార్. మీరేమో పది మందినే అంటరు. అరవై మందిమి ఒక్కపారి కూసుంటే ఢిల్లీ దాక కదలాలె!"

"అరవై మంది ఒక్కనాడే కూసుంటే తెల్లారి నా టెంట్ల ఎవలు కూసుంటరే? ఢిల్లీ ఇయ్యాలనే చూస్తదా? పది పది మంది రండ్రి. టెంటు నడుస్తనే ఉంటది."

నాయకుడు నిమ్మరసం తాగి వెళ్ళాడు. సారు నా వైపు తిరిగారు. నేను అప్పటికే ఆయన వైపు తిరిగి ఉన్నాను.

"అన్నా, మనం సర్వర్ కాడ గంటెందుకు కొట్టినం?"

"పరీక్షకు గంట కొడతారు కనుక."

"ఎవ్వని పేపరు వానిదే అయినప్పుడు అందరు ఒక్కపారి ఎందుకు మొదలువెట్టాలె?"

సర్వరును మార్చలేనప్పుడు పని ఆకారాన్నే సర్వరుకు తగినట్టు మార్చవచ్చు. దీక్షకు వంతులు వేసినట్టే ఊరికొక వేళ, ఊరిలో ఒకరి తర్వాత ఒకరు. ప్రతి ఒక్కరికీ తమ రెండు గంటలు తమవే. నొక్కిన మీట మళ్ళీ నొక్కితే పని చేయకుండా ప్రోగ్రామును సవరించే బాధ్యత నాది. శిబిరంలోనే కూర్చుని సారు వంతులు వేశారు: ముందు సిద్దిపేట, ఆ తర్వాత చిన్నకోడూరు, చివరన ములుగు. భాయ్‌కు ఫోను చేశారు.

"ముందుగాల సిద్దిపేటనా?" అన్నాడు భాయ్. "సార్, మొన్న టెంట్ల మైకు పట్టుకొని ఏం జెప్పిన్రు? ఎన్నడు జూసినా పెద్ద పట్నమోల్లకే ముందు, మనకు ఎంగిలి మిగులుతది అన్నరు గద. గిప్పుడు మీరు మాకు ఏం జేస్తున్రు?"

సారు ఫోనును ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నారు. "గది మైకుల మాట భాయ్."

"మైకులదైనా మాటే గద సార్. ఇంకోటి, మాకు పన్నెండుకు కరెంట్ పోతది. నా ఇన్వర్టర్ ముసల్ది."

వంతులు తిరగబడ్డాయి. ములుగు, చిన్నకోడూరు, సిద్దిపేట. ఉద్యమం వల్ల మా ప్రాంతంలో వెంటనే అమలైన న్యాయం ఇదొక్కటే అని నా అంచనా.

ఆదివారం పొద్దున ములుగు మొదలుపెట్టింది. ఒకరు నొక్కడం, పేపరు రావడం, తర్వాతివారు నొక్కడం. సర్వరు లేచేది, పరుగెత్తేది, ఊపిరి తీసుకునేది. చిన్నకోడూరు వంతు వచ్చేసరికి ములుగు పిల్లలు ఆలోచనలో ఉన్నారు. సిద్దిపేట వంతు వచ్చేసరికి ఆ రెండు ఊళ్ళవారూ ఆలోచనలో ఉన్నారు. సారు గంటను ముట్టుకోలేదు గానీ, చేతులు ఊరికే ఉండక దాని నాలుకను పట్టుకుని కూర్చున్నారు. చిన్నకోడూరులో కరెంటు చెప్పిన వేళకన్నా ముందే పోయింది. భాయ్ ఇన్వర్టరు ముసలిదే అయినా నిలబడింది. కంప్యూటర్లకన్నా పిల్లలు ఎక్కువ కనుక మధ్యాహ్నానికి ఉంచిన రెండో జట్టు కూడా రాసింది. చీకటి పడేలోపు ర్యాంకులు మూడు ఊళ్ళకూ చేరాయి. మొదటి ర్యాంకు చిన్నకోడూరు అమ్మాయికి వచ్చింది. భాయ్ ఆ సంగతి మాకు నాలుగుసార్లు ఫోను చేసి చెప్పాడు.

సోమవారం శిబిరంలో ప్రైవేటు ఉపాధ్యాయుల వంతు. సారు మెడలో దండతో కూర్చున్నారు. పదకొండు గంటల ప్రాంతంలో ఆయన ఫోను మోగింది. హెడ్మాస్టరు. సారు ఫోను నాకు అందించబోయారు.

"దీక్షల ఉన్న అని చెప్పు అన్నా. మాట్లాడరాదు అని చెప్పు."

నిరాహార దీక్షకు మౌనం నిబంధన కాదని గుర్తుచేసి ఫోను తిరిగి ఇచ్చాను. ఆయన దండ సర్దుకుని, చెవి దగ్గర పెట్టుకున్నారు.

"నమస్తే సార్. … లేదు సార్, రాను. … నారాజుతోని కాదు సార్. వచ్చే ఆదివారం గూడ పరీక్షుంది. పిల్లలు వంతులడుగుతున్రు. … గంటనా? గంట మీ బడిదే సార్, పంపిస్త. ఇగ నాకు దానితోని పని లేదు."

మధ్యాహ్నం కంపెనీ నుంచి జవాబు వచ్చింది. పెద్ద రకాలు వాడుకోవడానికి మాకు అనుమతి లభించినందుకు అభినందనలు తెలిపారు. చిన్నదే ఉంచుకున్నాను. సాయంత్రం సారు నిమ్మరసం తాగాక, గంటను పాత న్యూస్‌పేపరులో చుట్టి, బడి వైపు వెళ్తున్న ఒక ఆటోలో పంపాం. ఆటో ఆయన కిరాయి తీసుకోలేదు. తమ యూనియన్ వంతు మళ్ళీ ఎప్పుడని మాత్రం అడిగాడు.