కొట్టలేదని చెప్పమన్నది నేనే

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలి మాత్రం పడకండి. నాకది అక్కర్లేదు.

నేను తాండూరులో వకీలును. అంజిలప్ప కరణ్‌కోట దగ్గర గనిలో బండలు కోసేవాడు. కొన్నేళ్ల కిందట గనిలో మోటారు పోయిందని పోలీసులు అతన్ని స్టేషనుకు పట్టుకుపోయి కుళ్లబొడిచారు. అతని తరఫు వకీలును నేనే. దొంగతనం అతను చేయలేదు. మోటారు తర్వాత ఇంకెక్కడో దొరికింది.

రిమాండుకు తెచ్చిన ప్రతి మనిషినీ మేజిస్ట్రేటు ఒక ప్రశ్న అడుగుతాడు: పోలీసులు కొట్టారా? మేం వకీళ్లం ఆ ప్రశ్నకు జవాబు ముందే నేర్పి లోపలికి పంపుతాం. లేదనమంటాం. అదొక అలవాటు. ఆ రోజు కోర్టు వరండాలో అంజిలప్ప గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“సార్, అరికాళ్లు నేల మీద ఆనుతలేవు. కుడిచెయ్యి లేస్తలేదు. జడ్జి సార్‌కు చెప్పాల్నా?”

“చెప్పకు. కొట్టలేదను. బెయిలు జల్ది వస్తది.”

“అబద్ధం గాదా సార్?”

“ఇంటికి పోవాల్నా వద్దా నీకు?”

“మీరెట్ల చెప్తె గట్లనే సార్.”

లోపల మేజిస్ట్రేటు అడిగాడు. అంజిలప్ప నా వైపు చూసి, లేదు సార్ అన్నాడు.

బెయిలు వచ్చింది. అతని భార్య కందిపప్పు సంచి తెచ్చి నా చేతిలో పెట్టి దండం పెట్టింది. తీసుకున్నాను. ఇంట్లో వండుకుని తిన్నాం కూడా. సిగ్గు లేదా నాకు? అప్పుడు లేదు.

బెయిలు కోసమే అలా చెప్పానా? చాలాకాలం అదే నమ్మాను. కాదు. ఆ స్టేషను నుంచే నాకు సగం కేసులు వచ్చేవి, అక్కడి ఎస్సైతో కలిసి చాయ్ తాగేవాణ్ని, అతని మొహం మాడితే నా పొట్ట మాడుతుందని భయపడ్డాను, ఆ భయానికి తెలివి అని పేరు పెట్టుకున్నాను. ఛీ!

అంజిలప్ప కుడిచెయ్యి మళ్లీ సరిగా లేవలేదు. గని పని పోయింది. ఇప్పుడు వేరే వకీలును పెట్టుకుని, పోలీసులు నష్టపరిహారం ఇవ్వాలని వికారాబాద్ కోర్టులో కేసు వేశాడు. అవతలివాళ్ల జవాబు ఒక్కటే: కొట్టలేదని ఆనాడు తనే చెప్పాడు కదా. ఆ మాట చెప్పించింది నేనని నేను నోరు విప్పకపోతే కేసు పోయినట్టే.

విప్పుతానంటే తోటి వకీళ్లు తల పట్టుకున్నారు. సన్నదు పోతుంది, ఇక కోర్టులో వాదించనివ్వరన్నారు. అందరి పరువూ తీస్తావా అన్నారు. పోనీయండి! ఏం పరువు? జనం తరఫున మాట్లాడతామని నల్లకోటు వేసుకుని, ఆ జనం నోరే నొక్కిన మాకు పరువేమిటి?

మొన్న కరణ్‌కోట వెళ్లి, అతని వాకిట్లో నిలబడి అంతా చెప్పాను, ఎస్సైతో తాగిన చాయ్‌తో సహా. కూర్చోమనలేదు. ఇన్నేళ్లూ సార్ అన్నవాడు ఈసారి అనలేదు.

“గీ ముచ్చట జడ్జి ముందట చెప్తవా?”

“చెప్త.”

“గాడ చెప్పు మరి. నాకెందుకు చెప్తున్నవ్?”

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

క్షమించమని అడగలేదు. అడగను. ఇదంతా మీతో అనేశాక గుండె కాస్త తేలికపడింది, అంతే. సోమవారం వికారాబాద్‌లో అతని తరఫున సాక్షి బోనెక్కుతున్నాను. ఎవడాపుతాడో చూస్తాను.