ఎదురు కొట్టులో మా రాతే

నేను ఊరి బడిలో అయిదు దాకా చదివినవాణ్ణి. ఆ చదువుతోనే ఈ వీధిలో కుట్టుమిషన్ల మరమ్మతుకు మొదటి కొట్టు తెరిచాను. చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని పేరు తెచ్చుకున్నాను. నేను పని నేర్పి, నా పీట మీద కూర్చోబెట్టింది మా తమ్ముణ్ణి. చెయ్యి మంచిది, మనిషికి అనుమానం జాస్తి. విప్పిన స్క్రూల మీద అరచెయ్యి బోర్లించి గాని గిరాకీతో మాట్లాడడు.

అలాంటివాడు వెబ్‌సైటు పెట్టించాడు. కొన్నాళ్లు ఫోన్లు మోగాయి, తర్వాత ఆగిపోయాయి. సెర్చ్‌లో వెతికితే ఎదురు కొట్టాయన కనిపిస్తున్నాడు, మా జాడే లేదు. ఆయన్ని మేము నూనెసీసా అంటాం. ఇలాగే సాగితే మా కొట్టు మూతే.

"మన సైటులో రాత అచ్చంగా ఎత్తేశాడన్నయ్యా! సెర్చ్‌వాళ్లకి ఏదో ముట్టజెప్పి కూడా ఉంటాడు."

నాకూ ఆయన మీద గురి లేదు. వీధి దాటి నిలదీశాను.

నూనెసీసా మొహం మాడ్చుకున్నాడు. "మీ తమ్ముడే నాది కొట్టేశాడని నేననుకుంటున్నా పెద్దాయనా!"

తమ్ముడి భార్య, మా మరదలు, ఆ రాతలోంచి ఒక వాక్యం తీసి సెర్చ్‌లో వేసింది. అదే వాక్యం ఎక్కడెక్కడి కొట్లలోనో బయటపడింది.

"బావగారూ, ఇది మనదీ కాదు, ఆయనదీ కాదు. విడిభాగాల కంపెనీవాళ్లు అందరికీ పంపింది. ఈయన దాన్నే మన పేజీలన్నిటికీ అతికించారు."

"అందుకని సెర్చ్‌వాళ్లు మనకి శిక్ష వేశారా అమ్మా?"

"శిక్షేం లేదు. అందరూ ఒకే పాఠం అప్పజెబుతుంటే సెర్చ్ ఒకరిది విని, మిగతావాళ్లని కూర్చోమంటుంది. మన పని మన మాటల్లో రాస్తేనే మనల్ని లేపుతుంది."

"గుట్టంతా వీధిన పెట్టమంటావా? నువ్వెవరి పక్షం?" అని తమ్ముడు లేచాడు.

"గిరాకీల పక్షం."

నేను కలగజేసుకున్నాను. "ఆ గుట్టు నీకిచ్చింది నేను. ఇచ్చాక నా చెవి మొద్దుబారిందా?"

తమ్ముడు గొణుగుతూనే చెప్పాడు, మరదలు టైపు చేసింది. దారం తెగుతుంటే సూది మార్చి ఊరుకోకూడదు. సూది దిగే కన్నం అంచును గోటితో తడమాలి. గరుకు తగిలితే అక్కడ నున్నగా రుద్దాలి. ఇదంతా ఎక్కించి, మరదలు కంపెనీ రాతను అన్ని పేజీల్లోంచీ తీసేసింది.

కొన్ని వారాలకు ఒకావిడ మిషను మోయించుకొచ్చింది. "గోటితో తడిమి చూసేది ఇక్కడేనా అండీ?"

తమ్ముడు ఆవిడకు తల ఊపాడు గాని, చూపు మాత్రం ఎదురు కొట్టు మీదే ఉంది. అక్కడ నూనెసీసా ఫోనులో ఏదో చదువుకుంటున్నాడు.

"ఇది కూడా ఎత్తేస్తున్నాడన్నయ్యా," అని నా చెవిలో ఊది, స్క్రూల మీద అరచెయ్యి బోర్లించాడు.